పరిశోధక విద్యార్థుల ప్రయాణ నిధులు: తెలుగు పరిశోధనాంశాల ఎంపికపై వాటి ప్రభావం

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాలలో జరుగుతున్న తెలుగు పరిశోధన స్థాయిని గురించి చర్చ వచ్చినప్పుడల్లా విద్యార్థుల శ్రద్ధ, పర్యవేక్షకుల పాండిత్యం, అంశాల పునరుక్తి వంటి విషయాలు ప్రస్తావనకు వస్తాయి. ఒకే రచయిత నవలలు, ఒకే కవి కావ్యాలు, ఒకే కథాసంపుటి వంటి పరిమిత వస్తువులపైనే సిద్ధాంతగ్రంథాలు ఎక్కువగా వెలువడుతున్నాయన్న విమర్శ కొత్తది కాదు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే అంశాన్ని నిర్ణయించుకునే రోజున విద్యార్థి చేతిలో ఎంత డబ్బు ఉంది, ఆ డబ్బుతో ఎంత దూరం వెళ్లి ఎన్నాళ్లు ఉండగలడు అనే ప్రశ్న మాత్రం సాహిత్య చర్చలలోకి అరుదుగా వస్తుంది. దానిని కార్యాలయపు విషయంగా, గుమాస్తాలు చూసుకోవలసిన లెక్కగా పక్కన పెట్టడం అలవాటైపోయింది.

నిజానికి ఈ లెక్కకూ పరిశోధన స్వరూపానికీ దగ్గరి సంబంధం ఉంది. రసాయనశాస్త్ర విద్యార్థికి ప్రయోగశాల ఎటువంటిదో తాళపత్రాలపై, పాత పత్రికలపై, మౌఖిక సాహిత్యంపై, మాండలికాలపై పనిచేసే తెలుగు విద్యార్థికి ప్రయాణం అటువంటిది. ప్రయోగశాల ఖర్చును విశ్వవిద్యాలయం భరించాలనడంలో ఎవరికీ సందేహం లేదు. ప్రయాణం విషయానికి వచ్చేసరికి అది ఒక అదనపు సౌకర్యంగా, ప్రతిభకు ఇచ్చే బహుమానంగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని తెలుగు పరిశోధక విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని పరిశోధన నిధులు, ప్రయాణ నిధులు ఏ మార్గంలో వస్తాయో, ఆ మార్గం పరిశోధనాంశాన్ని ఎలా తీర్చిదిద్దుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే తరగతి గది, వేర్వేరు ఆదాయాలు

తెలుగుశాఖలో ఒకే సంవత్సరం పిహెచ్.డి.లో చేరిన విద్యార్థుల ఆర్థిక స్థితి ఒకేలా ఉండదు. యు.జి.సి. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించిన వారికి 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సీనియర్ ఫెలోగా మూడేళ్లు నెలకు 42,000 రూపాయలు నిర్ణయించారు. అంతకుముందు 2019 నుంచి ఈ మొత్తాలు 31,000, 35,000 రూపాయలుగా ఉండేవి. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, ఇతర వెనుకబడిన తరగతుల విద్యార్థులకు వేర్వేరు జాతీయ ఫెలోషిప్పులు ఉన్నాయి. అల్పసంఖ్యాక వర్గాలకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును కేంద్రప్రభుత్వం 2022లో కొత్తవారికి నిలిపివేసింది.

ఏ ఫెలోషిప్పూ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరిన వారికి నాన్-నెట్ ఫెలోషిప్ అనే మరో ఆధారం ఉంది. పిహెచ్.డి. విద్యార్థికి ఇది నెలకు 8,000 రూపాయలు. 2015 అక్టోబరులో దీనిని రద్దుచేయాలని యు.జి.సి. నిర్ణయించినప్పుడు దేశమంతటా విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఢిల్లీలోని యు.జి.సి. కార్యాలయం ఎదుట మొదలైన ఆ నిరసన తర్వాత ప్రభుత్వం ఫెలోషిప్పును కొనసాగిస్తామని ప్రకటించింది. నెలకు 8,000 చొప్పున నాలుగేళ్లపాటు వచ్చే మొత్తం 3,84,000 రూపాయలు. జె.ఆర్.ఎఫ్. విద్యార్థికి ఒక్క ఏడాదిలో వచ్చేది 4,44,000 రూపాయలు. పక్కపక్కన కూర్చొని ఒకే పర్యవేక్షకుడి వద్ద పనిచేసే ఇద్దరి మధ్య ఉన్న దూరం ఇది.

ఈ నాన్-నెట్ ఫెలోషిప్ కూడా రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులకు వర్తించదు. తెలుగు పరిశోధనలో అధికభాగం జరిగేది ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలోనే కాబట్టి దీని ప్రభావం తక్కువది కాదు. అక్కడ జాతీయ ఫెలోషిప్ దక్కని విద్యార్థి సాధారణంగా జూనియర్ కళాశాలలోనో, ప్రైవేటు పాఠశాలలోనో పాఠాలు చెప్పుకుంటూ, సెలవురోజుల్లో గ్రంథాలయానికి వస్తూ సిద్ధాంతగ్రంథం పూర్తిచేయవలసి ఉంటుంది. పార్ట్‌టైమ్ విద్యార్థుల సంగతి చెప్పనక్కరలేదు. జె.ఆర్.ఎఫ్.కు సాధారణ వయఃపరిమితి 30 ఏళ్లు. మహిళలకు, రిజర్వుడు వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఉద్యోగంలో చేరి, కొంత స్థిరపడిన తర్వాత పరిశోధన వైపు వచ్చేవారు తెలుగులో తక్కువేమీ కాదు. అటువంటివారికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

3. కంటింజెన్సీ: ఎంత, ఎప్పుడు?

ఫెలోషిప్ అన్నది విద్యార్థి జీవనభృతి. గది అద్దె, భోజనం, ఇంటికి పంపవలసిన డబ్బు అందులోనే. పరిశోధన ఖర్చుకు వేరుగా ఇచ్చేదానిని కార్యాలయ భాషలో కంటింజెన్సీ అంటారు. పుస్తకాలు, జిరాక్సులు, టైపింగు, లేఖన సామగ్రి, క్షేత్రపర్యటనల ఖర్చు అన్నీ ఈ పద్దుకింద రావాలి. మానవీయ, సామాజిక శాస్త్రాల జె.ఆర్.ఎఫ్. విద్యార్థికి మొదటి రెండేళ్లు సంవత్సరానికి 10,000 రూపాయలు, తర్వాతి మూడేళ్లు సంవత్సరానికి 20,500 రూపాయలు కంటింజెన్సీగా నిర్ణయించారు. విజ్ఞానశాస్త్రాల వారికి ఇది 12,000, 25,000 రూపాయలు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల నాన్-నెట్ విద్యార్థికి మానవీయ శాస్త్రాలలో సంవత్సరానికి 8,000 రూపాయలు.

ఈ అంకెలను కలిపి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 2023 నాటి రేట్ల ప్రకారం జె.ఆర్.ఎఫ్. విద్యార్థికి ఐదేళ్లలో ఫెలోషిప్ రూపంలో వచ్చే మొత్తం 24 లక్షల రూపాయలు. అదే కాలంలో కంటింజెన్సీ 81,500 రూపాయలు. అంటే పరిశోధకుడి పోషణకు 100 రూపాయలు కేటాయించిన వ్యవస్థ అతని పరిశోధనకు మూడున్నర రూపాయలైనా కేటాయించలేదు. నెలకు సగటు లెక్కవేస్తే దాదాపు 1,360 రూపాయలు. ఫెలోషిప్ పెరిగిన ప్రతిసారీ వార్తాపత్రికలు రాస్తాయి, విద్యార్థి సంఘాలు స్వాగతిస్తాయి. కంటింజెన్సీ సంగతి ఎవరికీ పట్టదు.

మొత్తంకన్నా ఎక్కువ ఆలోచింపజేసేది ఆ మొత్తం విడుదలయ్యే క్రమం. తొలి రెండేళ్లలో తక్కువ, చివరి మూడేళ్లలో రెట్టింపు. ప్రయోగశాలలో పనిచేసేవారికి ఈ క్రమం సహజమే కావచ్చు. మొదట పద్ధతులు నేర్చుకుంటారు, తర్వాత ప్రయోగాలు విస్తరిస్తాయి, ఖర్చు పెరుగుతుంది. సాహిత్య పరిశోధన క్రమం దీనికి విరుద్ధం. విషయసేకరణ అంతా తొలి రెండేళ్లలో జరగాలి. ఏ ప్రతి ఎక్కడ ఉందో, ఏ పత్రిక సంచికలు ఎక్కడ దొరుకుతాయో, ఏ ఊళ్లో ఆ కథాగానం తెలిసిన కళాకారులు మిగిలి ఉన్నారో తెలుసుకోవడానికే మొదటి ఏడాది సరిపోదు. చివరి ఏళ్లలో విద్యార్థి కూర్చొని రాస్తాడు. రాసేవేళకు డబ్బు వస్తుంది. తిరగవలసిన వేళకు రాదు. ఈ ఒక్క అమరిక తెలుగు, చరిత్ర, భాషాశాస్త్ర శాఖల విద్యార్థులకు చేస్తున్న నష్టం మొత్తం తక్కువ కావడంవల్ల కలిగే నష్టంకన్నా చిన్నది కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని చూడవచ్చు. విశాఖపట్నంలో ఉన్న విద్యార్థి ఒక అముద్రిత ప్రబంధాన్ని పరిష్కరించాలని సంకల్పించాడనుకుందాం. దాని ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కర్నల్ మెకంజీ, సి.పి.బ్రౌను సేకరించిన తెలుగు వ్రాతప్రతులకు అది ప్రధాన నిలయం. మరొక ప్రతి తంజావూరు సరస్వతీమహలులో ఉంది. ప్రతులను పోల్చి పాఠాంతరాలు రాసుకోవడానికి చెన్నైలో కనీసం 20 రోజులు ఉండాలి. బసకు, భోజనానికి కలిపి రోజుకు 800 రూపాయలతో సర్దుకున్నా 16,000 రూపాయలు అవుతాయి. రైలు ఖర్చులు, ప్రతుల ఛాయాచిత్రాలకు చెల్లించే రుసుము, తంజావూరు ప్రయాణం ఇంకా మిగిలే ఉన్నాయి. జె.ఆర్.ఎఫ్. ఉన్న విద్యార్థికి సైతం మొదటి ఏడాది కంటింజెన్సీ ఈ ఒక్క ప్రయాణానికి చాలదు. నాన్-నెట్ విద్యార్థి కంటింజెన్సీ చెన్నైలో పది రోజులకు అయిపోతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్పూ లేని విద్యార్థి ఆ ప్రబంధం జోలికి పోడు. అతడు గ్రంథాలయంలో దొరికే ఒక నవలాకారుడి రచనలను అంశంగా తీసుకుంటాడు. పర్యవేక్షకుడు కూడా విద్యార్థి పరిస్థితి తెలిసి అదే సలహా ఇస్తాడు. ఆ సలహాలో దయ ఉంది. అలసత్వమని నిందించడం సులువే గాని న్యాయం కాదు.

విద్యార్థిని అయినప్పుడు ఖర్చు మరికొంత పెరుగుతుంది. తెలియని ఊళ్లో చవక గదిలో ఉండే వెసులుబాటు ఆమెకు లేదు. సురక్షితమైన బస, పగటి ప్రయాణం, ఒక్కొక్కసారి తోడుగా వచ్చే మనిషి ఖర్చు అనే పద్దులు ఏ నిబంధనలోనూ కనిపించవు.

4. ముందు ఖర్చు, తర్వాత బిల్లు

కేటాయించిన కొద్దిపాటి మొత్తమైనా విద్యార్థి చేతికి వచ్చే తీరు వేరే కథ. చాలాచోట్ల విద్యార్థి మొదట తన డబ్బు ఖర్చుపెట్టాలి. తర్వాత టికెట్లు, రసీదులు, హాజరు ధ్రువపత్రం జతచేసి బిల్లు పెట్టాలి. దానిపై పర్యవేక్షకుడు, శాఖాధ్యక్షుడు సంతకాలు చేస్తారు. అక్కడినుంచి ఆ కాగితం పరిపాలన భవనానికి, ఆర్థికాధికారి విభాగానికి ప్రయాణిస్తుంది. ఏ దశలోనైనా ఒక అభ్యంతరం రాస్తే మళ్లీ మొదటికి వస్తుంది. గ్రాంటు ఇచ్చిన సంస్థకు విశ్వవిద్యాలయం వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. పాత మొత్తానికి అది చేరితేగాని కొత్త మొత్తం విడుదల కాదు. విద్యార్థి తన బిల్లు సకాలంలో పెట్టినా వేరొకరి లెక్క తేలక ఆగిపోయే అవకాశం ఇందులో ఉంది.

ఫెలోషిప్ చెల్లింపు విషయంలో కొంత మార్పు వచ్చింది. యు.జి.సి. ఫెలోషిప్పులు కెనరా బ్యాంకు నిర్వహించే పోర్టల్ ద్వారా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతున్నాయి. అయితే ప్రతి నెలా విశ్వవిద్యాలయంలోని ఒక ఉద్యోగి విద్యార్థి కొనసాగుతున్నట్లు నమోదు చేయాలి, మరొక అధికారి దానిని ధ్రువీకరించాలి. ఆ ఇద్దరిలో ఒకరు సెలవులో ఉంటే ఆ నెల భృతి ఆగుతుంది. భృతి ఆగిన నెలలో చెన్నై ప్రయాణం పెట్టుకునేవారెవరు?

రసీదుల నిబంధన ప్రభుత్వ ధనానికి అవసరమైనదే. దానిని తప్పుపట్టలేం. ఇబ్బంది అల్లా ఆ నిబంధన నగరాల మధ్య ప్రయాణించే ఉద్యోగిని ఊహించుకొని రాసినది కావడమే. జానపద సాహిత్య విద్యార్థి బస్సు దిగిన తర్వాత షేర్ ఆటోలోనో, ఎవరి బండి వెనకనో కూర్చొని ఊరు చేరుతాడు. ఆటోవాడు రసీదు ఇవ్వడు. రాత్రి ఎవరింట్లోనో పడుకుంటాడు. ఆ ఇంటివారికి ఏదైనా తీసుకుపోవడం మర్యాద, దానికి పద్దు లేదు. ఒగ్గుకథో బుర్రకథో చెప్పే బృందం అతనికోసం ప్రత్యేకంగా ఒక రాత్రి కథ చెబితే పారితోషికం ఇవ్వాలి. బృందపు నాయకుడు వేలిముద్ర వేసిన తెల్లకాగితాన్ని ఆడిట్ విభాగం రసీదుగా అంగీకరిస్తుందో లేదో ఎవరూ ముందుగా చెప్పరు. ఫలితంగా విద్యార్థులు క్షేత్రపర్యటన ఖర్చును చూపించడమే మానేసి, కంటింజెన్సీని పుస్తకాల దుకాణం బిల్లులతో పూర్తిచేస్తారు. కాగితం మీద చూస్తే తెలుగు పరిశోధకులకు ప్రయాణ అవసరమే లేనట్లు కనిపిస్తుంది. ఆ కాగితాన్ని ఆధారం చేసుకునే మరుసటి ఏడాది కేటాయింపులు జరుగుతాయి.

5. సదస్సు ప్రయాణం: నిర్బంధం ముందు, నిధి తర్వాత

క్షేత్రపర్యటనతో పోలిస్తే సదస్సు ప్రయాణానికి గుర్తింపు ఎక్కువ. దానికి కారణం పిహెచ్.డి. నిబంధనలలో ఉంది. యు.జి.సి. 2009 నిబంధనలు సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు ఒక పరిశోధన పత్రం ప్రచురించాలన్నాయి. 2016 నిబంధనలు దానికి తోడు సదస్సులలో రెండు పత్రసమర్పణలను తప్పనిసరి చేశాయి. వాటికి ధ్రువపత్రాలు చూపాలన్నాయి. ఉద్దేశం మంచిదే. పరిశోధకుడు తన పనిని నలుగురి ముందు పెట్టి ప్రశ్నలు ఎదుర్కోవాలి. అయితే రెండు సదస్సులకు వెళ్లాలని శాసించిన నిబంధన ఆ ఖర్చు ఎవరు భరించాలో చెప్పలేదు.

అదే కాలంలో సదస్సుల నిర్వహణకు వచ్చే నిధుల పరిస్థితి కూడా మారింది. పంచవర్ష ప్రణాళికల కాలంలో విశ్వవిద్యాలయాలకు యు.జి.సి. ఇచ్చే అభివృద్ధి నిధులలో సదస్సులకు, అధ్యాపకుల ప్రయాణాలకు పద్దులు ఉండేవి. అధ్యాపకుల ప్రయాణాలకు అన్నది గమనించాలి; విద్యార్థి ఆ ఊహలో లేడు. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, ప్రణాళికలే లేకుండాపోయాయి. ఒకవైపు ధ్రువపత్రాలు కావలసిన విద్యార్థులు వేలల్లో ఉన్నారు, మరొకవైపు సదస్సు నడపడానికి శాఖల వద్ద డబ్బు లేదు. ఈ రెండూ కలిసినచోట రిజిస్ట్రేషన్ రుసుము మీద నడిచే సదస్సు పుట్టింది. పూర్వం సదస్సుకు పిలిచినవారికి దారిఖర్చులిచ్చేవారు. ఇప్పుడు పత్రం చదివే విద్యార్థే రుసుము చెల్లించి, దారిఖర్చులు పెట్టుకొని, వ్యాససంకలనం ప్రతి కూడా కొనుక్కొని వస్తున్నాడు. సదస్సు ఖర్చును దానిలో అందరికన్నా తక్కువ ఆదాయం ఉన్నవారు మోస్తున్నారన్నమాట.

ఇటువంటి సదస్సులలో జరిగేదేమిటో తెలుగు అధ్యాపకులకు వివరించనవసరం లేదు. రెండు రోజుల్లో వంద పత్రాలు. సమాంతర సమావేశాలు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, అందులో వేదికమీది పెద్దలను సంబోధించడానికి ఒకటిన్నర. ప్రశ్నలకు సమయం ఉండదు. విద్యార్థి తన వంతు కాగానే మధ్యాహ్నం ధ్రువపత్రం తీసుకొని రైలుకు బయలుదేరుతాడు. 2020లో కరోనా వ్యాప్తితో విశ్వవిద్యాలయాలు మూతపడినప్పుడు అంతర్జాల సదస్సులు వెల్లువెత్తాయి. ప్రయాణ ఖర్చు తప్పింది. ధ్రువపత్రం ఈమెయిలులో వచ్చింది. మారుమూల ప్రాంత విద్యార్థికి, చిన్నపిల్లలున్న విద్యార్థినికి ఆ పద్ధతి నిజంగా మేలుచేసిందని ఒప్పుకోవాలి. కాని సదస్సుకు వెళ్లేది పత్రం చదవడానికి మాత్రమే కాదు. భోజనాల వరుసలో పక్కన నిలబడిన అపరిచిత అధ్యాపకుడు ఫలానా పత్రిక సంచికలు వేటపాలెం సారస్వతనికేతనంలో ఉన్నాయని చెప్పే మాట తెరమీద దొరకదు.

2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ప్రచురణ, పత్రసమర్పణల నిర్బంధాన్ని తొలగించాయి. విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమావళిలో దానిని కొనసాగించుకోవచ్చు, కొనసాగిస్తున్నవి ఉన్నాయి. నిర్బంధం తొలగడం విద్యార్థికి ఊరటే. దానితోపాటు ఒక ప్రమాదమూ ఉంది. సదస్సు తప్పనిసరి అయినప్పుడే ప్రయాణ నిధి ఇవ్వని వ్యవస్థ, అది ఐచ్ఛికమైన తర్వాత ఇస్తుందని ఆశించడానికి ఆధారం తక్కువ.

సదస్సు అవసరం అందరికీ సమానం కాదన్న సంగతి కూడా గుర్తించాలి. హైదరాబాదులోని విద్యార్థికి గోష్ఠులు, గ్రంథావిష్కరణలు, ఇతర విశ్వవిద్యాలయాల అధ్యాపకుల ఉపన్యాసాలు నడిచివెళ్లే దూరంలో ఉంటాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనో, ఢిల్లీలోనో, బెంగళూరులోనో తెలుగులో పరిశోధన చేసే విద్యార్థి తన చుట్టూ ఒకరిద్దరు అధ్యాపకులతో, పిడికెడుమంది సహాధ్యాయులతో పనిచేస్తాడు. అతనికి ఏడాదికి ఒక్క ప్రయాణమైనా లేకపోతే తన రంగంలో ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు. ప్రయాణ నిధిని అందరికీ ఒకే మొత్తంగా ఇచ్చే పద్ధతిలో ఈ దూరం లెక్కలోకి రాదు.

6. విదేశీ సదస్సులు, విదేశీ పద్ధతులు

విదేశీ సదస్సులకు వెళ్లే విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు సెర్బ్ అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం చాలాకాలం ఆధారంగా ఉండేది. ఆ సంస్థ స్థానంలో 2023 నాటి చట్టం ద్వారా అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏర్పడింది. సామాజిక శాస్త్రాలకు 1969లో ఏర్పడిన ఐ.సి.ఎస్.ఎస్.ఆర్., చరిత్రకు 1972లో ఏర్పడిన ఐ.సి.హెచ్.ఆర్. ఉన్నాయి. భారతీయ భాషాసాహిత్యాలలో పరిశోధించే విద్యార్థికి అంత స్పష్టమైన ద్వారం కనిపించదు. తన అంశాన్ని చరిత్రగానో సమాజశాస్త్రంగానో మలచి చూపితే అర్హత దొరుకుతుంది. సాహిత్యాన్ని సాహిత్యంగా చదవదలచినవాడు బయటే నిలబడతాడు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ పరిశోధన ఫెలోషిప్ వంటివి అన్ని రంగాలకూ తెరిచి ఉన్నా, వాటి పోటీలో నెగ్గడానికి కావలసిన ఇంగ్లీషు దరఖాస్తు రచన తెలుగుశాఖలలో నేర్పే విద్య కాదు.

అమెరికాలో తెలుగుపై పరిశోధించే విద్యార్థి పరిస్థితితో దీనిని పోల్చి చూడటం ఉపయోగకరం. తెలుగు సాహిత్యంపై అక్కడ జరిగిన పనికి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు నెలకొల్పిన అధ్యయన సంప్రదాయం ప్రసిద్ధం. దక్షిణాసియా అధ్యయనాల వార్షిక సదస్సు జరిగేది కూడా ఆ మేడిసన్ నగరంలోనే. అక్కడి పిహెచ్.డి. విద్యార్థి సాధారణంగా బోధనసహాయకుడిగా పనిచేస్తూ జీవనభృతి పొందుతాడు. సదస్సు ప్రయాణానికి కొంత శాఖ, కొంత గ్రాడ్యుయేట్ స్కూలు ఇస్తాయి. పత్రం ఆమోదం పొందిన వారికే, ప్రయాణానికి ముందే దరఖాస్తు చేసిన వారికే ఇస్తారు. పూర్తి ఖర్చు అరుదుగా వస్తుంది. ముందు సొంత డబ్బు పెట్టి తర్వాత వసూలు చేసుకునే బాధ అక్కడా ఉంది. క్రెడిట్ కార్డు వడ్డీ విద్యార్థి మీద పడుతుంది. ఈ విషయంలో వారినుంచి నేర్చుకోవలసింది పెద్దగా లేదు.

నేర్చుకోవలసింది మరొకటి ఉంది. సిద్ధాంతగ్రంథ ప్రతిపాదన రాయకముందే వేసవిలో కొన్ని వారాలు గ్రంథాలయాలు, క్షేత్రం చూసి రావడానికి చిన్న మొత్తం ఇచ్చే ఆచారం అక్కడి విశ్వవిద్యాలయాలలో ఉంది. అంశం ఖరారైన తర్వాత దీర్ఘకాల పరిశోధనకు వేరే ఫెలోషిప్పులు ఉంటాయి. 1961లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ జూనియర్ ఫెలోషిప్‌తో పిహెచ్.డి. విద్యార్థి భారతదేశంలో పదకొండు నెలలవరకు ఉండి విషయసేకరణ చేయవచ్చు. మేడిసన్‌లోనో అట్లాంటాలోనో చదివే విద్యార్థి తంజావూరులో నెలల తరబడి కూర్చొని యక్షగానాల ప్రతులు చదవగలగడం, తిరుపతిలో చదివే విద్యార్థి అక్కడ నాలుగు రోజులకు మించి ఉండలేకపోవడం నాయకరాజుల, మరాఠారాజుల కాలపు తెలుగు సాహిత్యాన్ని ఎవరు వ్యాఖ్యానిస్తారో నిర్ణయిస్తోంది. ఇందులో విదేశీ పరిశోధకుల తప్పేమీ లేదు.

7. నిధి ఉన్నప్పుడు జరిగిన పని

సంస్థాగతమైన ప్రయాణ వ్యయం తెలుగులో ఏమి సాధించిందో చూపడానికి దూరం పోనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ వృత్తి పదకోశాన్ని ప్రచురించింది. తెలుగు మాండలికాల విభజనపై తర్వాత జరిగిన చర్చకు అది పునాది అయింది. జిల్లాల వారీగా గ్రామాలు ఎంపిక చేసుకొని, రైతుల నోట పదాలను సేకరించినందువల్లనే ఆ గ్రంథం సాధ్యమైంది. ఒక్క విద్యార్థి తన భృతితో చేయగల పని కాదది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన కూడా ఊళ్లు తిరిగి పాటలు సేకరించడం మీద ఆధారపడినదే. దాని వెనుక ఉన్న వ్యక్తిగత దీక్షను మెచ్చుకుంటూ ప్రతి విద్యార్థినుంచి అదే త్యాగాన్ని ఆశించడం పరిశోధన విధానం కాజాలదు.

అంతర్జాలం ఈ కొరతను తీర్చలేదా అన్న ప్రశ్న సహజం. కొంతవరకు తీర్చింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ప్రెస్ అకాడమీ చొరవతో పాత పత్రికలు ఎన్నో అందుబాటులోకి వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందటి విద్యార్థి ఊహించలేని సౌలభ్యమిది. కాని స్కాన్ కానిది పరిశోధకుడి దృష్టికే రాకుండాపోయే పరిస్థితి కూడా దీనితోపాటే ఏర్పడింది. పుటలు జారిపోయిన స్కాన్లు, తప్పుగా నమోదైన పేర్లు, సంవత్సరంలో సగం సంచికలే ఉన్న పత్రికలు పరిశోధకులకు అనుభవమే. తాళపత్రాలు, కైఫీయతుల మూలప్రతులు, కళాకారుల గొంతులు ఇంకా చాలావరకు తెరకు వెలుపలే ఉన్నాయి.

8. సాధ్యమైన మార్పులు

ఈ పరిస్థితిలో మార్పుకు భారీ నిధులు అవసరం లేదు. కంటింజెన్సీ రేట్లను పెంచకుండానే, మానవీయ శాస్త్రాల విద్యార్థి కోరితే 20,500 రూపాయల రేటును తొలి రెండేళ్లకు, 10,000 రేటును తర్వాతి కాలానికి మార్చుకునే వీలు కల్పించినా తొలి రెండేళ్లలో అతని చేతిలో 21,000 రూపాయలు అదనంగా ఉంటాయి. చెన్నైలో 20 రోజుల బస ఖర్చుకన్నా అది ఎక్కువే. ఇందుకు కావలసింది యు.జి.సి. నిబంధనలో ఒక వాక్యం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ పరిధిలో చేయగలిగినవీ ఉన్నాయి. ఫెలోషిప్ లేని విద్యార్థుల విషయసేకరణకు ఏడాదికి కొందరికైనా చిన్న మొత్తాన్ని బయానాగా ముందే ఇచ్చి తర్వాత లెక్క చూడవచ్చు. విశ్వవిద్యాలయాలు తమ అతిథిగృహాలలో ఇతర విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులకు హాస్టలు రేటుకు గది ఇచ్చుకునే పరస్పర ఒప్పందం చేసుకుంటే బస ఖర్చు దాదాపు తప్పుతుంది. క్షేత్రపర్యటనలో నిర్ణీత మొత్తంలోపు ఖర్చుకు విద్యార్థి స్వీయ ధ్రువీకరణను, కళాకారుల పారితోషికానికి సాక్షి సంతకంతో కూడిన వేలిముద్రను అంగీకరిస్తామని ఆడిట్ విభాగం ముందుగానే లిఖితపూర్వకంగా చెప్పాలి. సదస్సులు నిర్వహించే శాఖలు పత్రాల సంఖ్యను పావువంతుకు తగ్గించుకొని, ఎంపికైన విద్యార్థులకు రుసుము మినహాయిస్తే అటు చర్చకూ సమయం దొరుకుతుంది. ఇది శాఖల ఇష్టాన్నిబట్టి రేపే చేయగలిగిన పని. ధ్రువపత్రాల సంఖ్య తగ్గుతుంది కాబట్టి కొందరికి నచ్చకపోవచ్చు.

వీటన్నిటికీ ముందు అవసరమైనది ప్రయాణ అవసరాన్ని నమోదు చేయడం. 2022 నిబంధనల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహాసంఘం ముందు హాజరై తన పని పురోగతిని వివరించాలి. ఆ సమావేశపు నివేదికలో ఎన్ని అధ్యాయాలు పూర్తయ్యాయి, ఎన్ని పత్రాలు ప్రచురించారు అన్న గడులు ఉంటాయి. ఏ గ్రంథాలయానికి, ఏ ఊరికి వెళ్లవలసి ఉంది, వెళ్లలేకపోతే కారణమేమిటి అన్న గడి కూడా ఒకటి చేర్చి, దానిని సలహాసంఘం సభ్యులు సంతకం చేసి ఆర్థికాధికారికి పంపితే, తెలుగుశాఖల ప్రయాణ అవసరం మొదటిసారిగా విశ్వవిద్యాలయపు రికార్డులలోకి ఎక్కుతుంది.